గొట్టంలో ఆగిపోయిన తూటా: ఒక పాత 16 గేజ్ షాట్‌గన్ కేస్ స్టడీ

నేను కార్ల విడిభాగాల కంపెనీలో మెకానికల్ ఇంజినీరుని. శనాదివారాల్లో దక్షిణ మిషిగన్‌లో వాలంటీరుగా హంటర్ సేఫ్టీ క్లాసులు చెబుతుంటాను. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నా, నా దాకా వచ్చిన వాటిలో రక్తం కళ్లజూసిన కేసులు తక్కువే. ఈ కేసులోనూ ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా దీన్నే రాయాలనుకున్నాను. ఇందులో ఉన్న ముగ్గురమూ తలా ఒక తప్పు చేశాం, అందులో ఒకటి నాది. మిగతా ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. పేర్లు, ఊరు, ఏడాది రాయడం లేదు. ఒకరిని తమ్ముడు అంటాను, ఇంకొకరిని పెద్దాయన అంటాను.

నేపథ్యం

తమ్ముడిది తెలంగాణలో ఒక పల్లె. ఇక్కడికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, గ్రీన్ కార్డు వచ్చాక ఊరికి దూరంగా ఇల్లు కొన్నాడు. ఇంటి వెనకంతా మొక్కజొన్న, సోయా చేలు. సాయంత్రమైతే జింకలు మందలుగా దిగుతాయి. పక్కింటి పెద్దాయనతో స్నేహం కుదిరి, వేట మీద ఆసక్తి పుట్టి నా క్లాసుకు వచ్చాడు. బాగా శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు ఫ్రెండ్ తుపాకి కదా అని చేతిలోకి తీసుకుంటుంటారు. ఆ వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. సరదాకి పట్టుకున్నా అని చెబితే కుదరదు. తమ్ముడికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

పెద్దాయన వయసు 80 దాటింది, పుట్టి పెరిగింది వ్యవసాయంలోనే. మిషిగన్‌లో 1960 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్లకే హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి. అందుకే ఆయన ఏ క్లాసులోనూ కూర్చోలేదు. తుపాకి పట్టుకోవడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఆ తండ్రి నేర్చుకున్నది మాంద్యం రోజుల్లో.

1929 తర్వాతి ఆ కాలంలో ఇక్కడి రైతు ఇంట్లో తుపాకి ఉండేది గాని తూటాలకు డబ్బు ఉండేది కాదు. ఉన్న ఒక్క పెట్టె కూడా కుందేళ్లకు, పిట్టలకు కొట్టే సన్న గుండ్లది. జింక కనిపిస్తే ఆ గుండ్లు చాలవు. దాని కోసం ఇంకో పెట్టె కొనే స్తోమత లేక కొన్ని చిట్కాలు పుట్టాయి. తూటా చుట్టూ కోత పెట్టి, దాని ముందు భాగం గుండ్లతో సహా ఒక్క ముద్దగా ఎగిరిపోయేలా చేయడం వాటిలో ఒకటి. దీన్ని కట్ షెల్ అంటారు. గుండ్ల మధ్య మైనం పోసి గడ్డకట్టించడం ఇంకొకటి. పిల్లలకు ఇంత మాంసం పెట్టడానికి పడ్డ పాట్లు అవి, వాళ్లను నేను చిన్నచూపు చూడను. వాటిని ఎలా చేస్తారో మాత్రం ఇక్కడ రాయను. 1931లోనే కార్ల్ ఫాస్టర్ అనే ఆయన ముందు బరువుగా, వెనక బోలుగా ఉండే సీసపు స్లగ్, అంటే సన్న గుండ్లకు బదులు తూటాలో ఉండే ఒకే పెద్ద గుండు, రూపొందించాడు. జింక వేటకు ఫ్యాక్టరీలో తయారైన స్లగ్ తూటాలు ఇప్పుడు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఈ చిట్కాల అవసరం ఎప్పుడో తీరిపోయింది.

ఏం జరిగింది

మిషిగన్‌లో తుపాకితో జింకల వేట నవంబర్ 15న మొదలవుతుంది. అంతకు నెల ముందు, అక్టోబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, చిన్న డౌట్. పెద్దాయన వాళ్ల నాన్న తుపాకి ఇచ్చాడు. రెండోసారి పేల్చినప్పుడు సౌండ్ తేడాగా వచ్చింది. ఇంకోటి పెట్టి కొట్టు, అదే సెట్ అవుతుంది అంటున్నాడు. పెట్టమంటావా?"

"పెట్టొద్దు. ముందు గొట్టం మూతి ఎటుందో చెప్పు."

ఈ ప్రశ్న మొదట అడగడానికి కారణం ఉంది. సౌండ్ తేడాగా వస్తే తూటాలోని మందు ఆలస్యంగా అంటుకుంటూ ఉండవచ్చు. అందుకే తుపాకిని అలాగే ఖాళీ వైపుకు గురిపెట్టి ఒక నిమిషం ఆగమని క్లాసులో చెబుతాం. తమ్ముడు అది పాటించాడు. ఆ తర్వాతే తుపాకి తెరిచి, పేలిన తూటా తీసేశాడు. అప్పటికే ఇంకో తూటా అతని ఎడమ చేతిలో ఉంది.

రెండో ప్రశ్న అట్ట మీద ఏముందని. పాతిక గజాల దూరంలో అట్టపెట్టె నిలబెట్టుకున్నారు. మొదటి దెబ్బకు అంచులు చిరిగిన ఒకే ఒక్క బొక్క పడిందట. రెండోదానికి ఏమీ లేదు. అట్ట మీద గుర్తు లేదు, కింద దుమ్ము లేవలేదు. గురి తప్పిందనుకున్నారు. సన్న గుండ్ల తూటా పాతిక గజాల్లో ఒకే బొక్క పెట్టిందని వినగానే నాకు విషయం అర్థమైంది.

"తమ్ముడూ, ఆ తూటాలకు కోత ఏమైనా ఉందా?"

"ఉందన్నా. పెద్దాయనే కోశాడు. పాత పద్ధతట. యాభై ఏళ్ల నుంచి ఇలాగే కొడుతున్నాడట."

మూడో ప్రశ్న బయటికొచ్చిన తూటా గురించి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కట్ షెల్‌లో ఉన్న అసలు మోసం ఇదే. మామూలు తూటా పేలాక దాని ప్లాస్టిక్ ఒళ్లు మొత్తం చాంబర్‌లోనే, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటే ఉంటుంది. తీసి చూస్తే పూర్తిగా కనిపిస్తుంది. కట్ షెల్‌లో చాంబర్‌లో మిగిలేది ఇత్తడి అడుగు, దానికి అంటుకున్న పొట్టి ముక్క మాత్రమే. ముందు భాగం బయటికి వెళ్లిపోయినా అంతే కనిపిస్తుంది, గొట్టం మధ్యలో ఆగిపోయినా అంతే కనిపిస్తుంది. చేతిలోకి వచ్చిన ముక్కను చూసి ఏదీ తెలుసుకోలేం. తమ్ముడి చేతిలో ఉన్న రెండు ఖాళీ ముక్కలూ కవల పిల్లల్లా ఉన్నాయి.

మేం చేసినవి, పనికిరానివి

ఇప్పుడు నా తప్పు. వెనక నుంచి చూస్తే వెలుతురు కనిపిస్తోందా అని అడిగాను. కనిపించడం లేదన్నాడు. క్లీనింగ్ రాడ్డు వెనక నుంచి పెట్టి మెల్లగా నెట్టి చూడు, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది అన్నాను. ఎక్కడుందో తెలిస్తే తర్వాత ఏం చేయాలో చెప్పొచ్చు అనుకున్నాను. చోక్ గురించి అడగలేదు.

షాట్‌గన్ గొట్టం చాలావాటిలో మూతి దగ్గర కాస్త ఇరుకవుతుంది. గుండ్లు చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి ఆ ఏర్పాటు. దాన్ని చోక్ అంటారు. ఫుల్ చోక్ అయితే అర మిల్లీమీటరుకు పైగానే ఇరుకు. ఈ తుపాకిది ఫుల్ చోక్. రాడ్డుతో నెట్టేసరికి గొట్టం మధ్యలో ఉన్న ముక్క ముందుకు జారి వెళ్లి చోక్‌లో బిరడాలా బిగుసుకుంది. ఫోన్‌లో టక్ టక్ మని చప్పుడు వినిపించింది. పెద్దాయన రాడ్డు వెనక సుత్తితో కొడుతున్నాడు. ఆపండి అని నేను అరిచాను. ఆపారు.

అక్కడితో ఫోన్‌లో వైద్యం చేయడం మానేశాను. మా దగ్గరున్న గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే ఆయన, దుకాణం సోమవారం గాని తెరవడు. ఈ రెండు రోజులూ ఆ తుపాకి ఆ ఇంట్లో ఉంటే ఏమవుతుంది? పెద్దాయన మొండివాడు, పైగా ఆయనకు ఇది అవమానంగా ఉంది. రాత్రి ఒక్కడే వెళ్లి ఇంకో తూటా పెట్టి కొడితే? తమ్ముడు కాపలా కాయలేడు. అది మధ్యకు మడిచి తెరిచే ఒంటి గొట్టం తుపాకి. ముందున్న చెక్క ఊడదీస్తే గొట్టం విడిగా వచ్చేస్తుంది. ఆ గొట్టం ఒక్కటీ నా దగ్గరికి తెమ్మన్నాను. తుపాకి మొత్తం తెస్తే తీసుకుపోయారని ఆయనకు బాధ కలుగుతుంది. గొట్టం ఒక్కటే అంటే రిపేరుకు ఇచ్చినట్టు ఉంటుంది, మిగిలిన దానితో ఎవరూ పేల్చలేరు కూడా. మొత్తం వ్యవహారంలో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదొక్కటే అనుకుంటాను.

ఆదివారం సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఇంజినీరుని కదా, లెక్కలతో వెళ్లాను. గేజ్ అంటే గొట్టం లావును చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. 16 గేజ్ తూటాకు ఇక్కడి పరిశ్రమ ప్రమాణం గరిష్ఠంగా 11,500 పీఎస్ఐ ఒత్తిడి. కారు టైరులో ఉండేది 35 దాకా. అంటే 300 రెట్లకు పైగా ఒత్తిడి ఆ గొట్టంలో పుడుతుంది. ఆ ఒత్తిడి చాంబర్ దగ్గరే ఎక్కువ, గుండ్లు ముందుకు పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే గొట్టం వెనక మందంగా, ముందుకు పోయేకొద్దీ పల్చగా చేస్తారు. ఆ పల్చని చోట ఏదైనా అడ్డం పడి ఉంటే, వెనక నుంచి దూసుకొచ్చే గుండ్లు, గ్యాసు దానికి కొట్టుకుని ఆ చోటే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఉక్కు ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత అన్నాడు: "మా నాన్న ఇలాగే కొట్టాడు, నేను ఇలాగే కొట్టాను. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు."

నా దగ్గర జవాబు లేదు. అంకెలు నిజమే, ఆయన అనుభవమూ నిజమే. ఆయన కళ్లతో చూస్తే నిన్నగాక మొన్న ఊళ్లోకొచ్చిన ఒకడు కాగితం పట్టుకుని ఆయన తండ్రిని తప్పుపడుతున్నాడు. వాదన పెంచలేదు. సోమవారం దుకాణానికి మీరూ రండి అని మాత్రం అడిగాను. ఆ గొట్టం గురించి ఏ నిర్ణయమైనా ఆయన లేకుండా జరిగితే ఆయన ఎప్పటికీ ఒప్పుకోడని నాకు అనిపించింది.

పనిచేసింది

గన్‌స్మిత్ గొట్టంలో నూనె పోసి కాసేపు నానబెట్టాడు. సరైన మందం ఉన్న ఇత్తడి కడ్డీతో ఈసారి మూతి వైపు నుంచి, అంటే ఇరుకు నుంచి వెడల్పు వైపుకు, కొంచెం కొంచెంగా నెట్టాడు. వెనక నుంచి బెంచీ మీద పడింది. బొటనవేలంత ఎర్ర ప్లాస్టిక్ ముక్క. కోసిన అంచు నలిగి ముడుచుకుపోయింది, ఒక పక్క మసి. వేలితో కదిపితే లోపల గుండ్లు గలగలమన్నాయి. దాని వెనకే పచ్చగా, సగం కాలిన మందు రేకులు రాలాయి.

ఆ రేకులే జరిగిన కథ చెప్పాయి. పొగరాని మందు పూర్తిగా కాలాలంటే దానికి బిగువు కావాలి. ముందున్న గుండ్లు, తూటా మూత కాసేపు అడ్డుపడితేనే ఒత్తిడి పెరిగి మందు సరిగ్గా అంటుకుంటుంది. కోత వల్ల ముందు భాగం ముందే విడిపోయింది. బిగువు చాలక మందు సగమే కాలింది. గుండ్లను బయటికి తోసేంత బలం రాలేదు. అందుకే "ఢాం" అనాల్సింది "దబ్" అంది. పైగా ఆ తూటాలు బార్న్‌లో కాఫీ డబ్బాలో ఎన్నేళ్లుగా ఉన్నాయో పెద్దాయనకే గుర్తు లేదు. చెమ్మ కూడా తన పని చేసి ఉంటుంది. ఏ రెండు కోతలూ ఒకేలా ఉండవు కాబట్టి మొదటిది బాగా పేలడం రెండోదానికి హామీ కాదు.

అప్పటిదాకా పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గన్‌స్మిత్ గొట్టం లోపల తుడిచి, దీపం వైపు పట్టి, చాలాసేపు చూశాడు. ఏమీ మాట్లాడకుండా పెద్దాయనకు ఇచ్చాడు. ఆయన కన్ను పెట్టి చూశాడు. మెరుస్తున్న గొట్టంలో ఒక చోట నల్లటి నీడ, ఉంగరంలా చుట్టూ తిరిగి ఉంది. "ఇప్పుడు బయట బొటనవేలితో తడమండి" అన్నాడు గన్‌స్మిత్. పెద్దాయన వేలు గొట్టం మీద జారుతూ వెళ్లి, ముందు చెక్కకు జానెడు అవతల ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగింది. కంటికి ఆనని ఉబ్బు. వేలికి తెలుస్తుంది.

అది శనివారం నాటిది కాదు. ఆ ఉబ్బు అంచుల్లో పాత తుప్పు ఉంది. ఎప్పుడో ఒక తూటా ముందు భాగం అక్కడ ఆగిపోయింది, దాని మీద ఇంకొకటి పేలింది. గొట్టం ఉబ్బి ఊరుకుంది, చీలలేదు.

పెద్దాయన చాలాసేపటికి నోరు విప్పాడు. "ఒకసారి బాగా తన్నింది. వారం రోజులు భుజం ఎత్తలేకపోయాను. తూటా బలంగా ఉందనుకున్నా." కాసేపాగి అన్నాడు: "మా మనవడు నా ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు."

నేను ఒక గంట లెక్కలు చెప్పి సాధించలేనిది ఆ ఒక్క ఉబ్బు సాధించింది. నా లెక్కలు ఆయన అనుభవానికి ఎదురు నిలబడ్డాయి. ఉబ్బు ఆయన అనుభవంలోంచే వచ్చింది. ఏమీ కాలేదని ఆయన అబద్ధం చెప్పలేదు. ఒకసారి అయింది, అది అయిందని తెలియలేదు, అంతే.

గన్‌స్మిత్ ఇంకో కొలత కూడా తీశాడు. 1930లకు ముందు అమెరికాలో చేసిన 16 గేజ్ తుపాకుల్లో చాలావాటి చాంబర్ పొడవు 2 9/16 అంగుళాలు. ఇప్పుడు దుకాణంలో దొరికే 16 గేజ్ తూటాలు 2¾ అంగుళాలవి. ఈ తుపాకిది పాత పొట్టి చాంబర్. మరి పొడుగు తూటా ఎలా పట్టింది? తూటా మీద రాసిన పొడవు అది పేలి, మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మడత పెట్టి ఉంటుంది కాబట్టి పొట్టి చాంబర్‌లోనూ సుఖంగా కూర్చుంటుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు లేక తూటా మూతి చాంబర్ ముందున్న ఇరుకులోకి పోతుంది, ఒత్తిడీ కుదుపూ పెరుగుతాయి. పట్టింది కదా, సైజు సరిపోయిందనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. దీని అన్న లాంటిది ఇంకోటుంది. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకిలో వేస్తే చాంబర్ దాటి జారి గొట్టంలో ఆగుతుంది. తుపాకి ఖాళీగా ఉందనుకుని 12 గేజ్ తూటా వేసి పేలిస్తే గొట్టం పగులుతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది ఆ పొరపాటు జరగకూడదనే.

గొట్టాన్ని బాగు చేయించాలా అన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఒకసారి ఉబ్బిన ఉక్కు ఎంత బలం కోల్పోయిందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. పెద్దాయనే తేల్చేశాడు, ఇక పేల్చొద్దని. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ తీయించి మిగతా తుపాకిని తండ్రి ఫోటో కింద గోడకు తగిలించాడు.

ఇక డబ్బాలో మిగిలిన పదిహేడు తూటాలు. విప్పి గుండ్లు తీసుకుంటానన్నాడు పెద్దాయన. వద్దన్నాను. కోసిన తూటా కదిలిస్తే ఊడి రావచ్చు, అడుగున మందును అంటించే ప్రైమర్ బతికే ఉంటుంది. నీళ్లలోనో నూనెలోనో నానబెడితే చచ్చిపోతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. ఆరాక అవి పేలిన సందర్భాలున్నాయి, దాన్ని నమ్మకూడదు. చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలుగుతాయి. పోలీసుల అత్యవసరం కాని నంబరుకు ఫోన్ చేసి అడిగితే తీసుకురమ్మన్నారు. తమ్ముడు స్వయంగా ఇచ్చి వచ్చాడు.

దీని తర్వాత మార్చుకున్నవి

ఫోన్‌లో ఎవరైనా సౌండ్ తేడా అని చెబితే ఇప్పుడు నేను నాలుగు మాటలే అంటాను. మూతి ఖాళీ వైపు ఉంచు, నిమిషం ఆగు, తూటా తీసెయ్యి, అక్కడే ఆపెయ్యి. రాడ్డు పెట్టమని చెప్పను. కళ్లతో చూడని గొట్టానికి సలహా ఇవ్వను.

తమ్ముడితో మాట్లాడింది వేరే. క్లాసులో వందకు 96 తెచ్చుకున్నవాడు ఆ కోసిన తూటా ఎలా వేశాడన్నది నన్ను చాలా రోజులు తొలిచింది. అడిగాను. "నాకు తెలుసన్నా, అది కరెక్ట్ కాదని. పెద్దాయన వాళ్ల నాన్న తుపాకి అంటూ రెండు చేతులతో ఇచ్చాడు. వద్దంటే ఏమనుకుంటాడోనని." మనవాళ్లలో ఇది ఎక్కువ. పెద్దవాళ్లు వడ్డించింది కాదనలేం, ఇచ్చింది వెనక్కి ఇవ్వలేం. అక్కడ నల్లమలలోనో ఏజెన్సీలోనో నాటు తుపాకిలో మందు ఎక్కువ కూరి వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల సంగతులు మనం విన్నవే. పక్కన నిలబడి చూసినవాడికి అది ఎక్కువని తెలిసినా, పేల్చేది మామయ్యో బాబాయో అయితే నోరు పెగలదు. అందుకే క్లాసులో ఇప్పుడు ఒక వాక్యం వాళ్లచేత బయటికి పలికిస్తున్నాను: "మీ తుపాకి అంటే గౌరవం ఉంది, పెట్టె మీద సైజు రాసి ఉన్న ఫ్యాక్టరీ తూటా అయితేనే పేలుస్తాను." మొదటిసారి పలికేటప్పుడు చాలామంది తల దించుకుంటారు. మూడోసారికి గొంతు వస్తుంది.

తమ్ముడు ఆ నవంబర్‌లో వేరే తుపాకి కొనుక్కుని, దానికి సరిపడే స్లగ్ తూటాలతో వెళ్లాడు. జింక దొరకలేదు.

డిసెంబర్ క్లాసుకు పెద్దాయన చెప్పకుండా వచ్చాడు. చంకలో ఆ గొట్టం ఉంది, గుడ్డలో చుట్టి. దాన్ని పిల్లల చేతుల్లో పెట్టి, ఎక్కడుందో మీరే వెతకండి అన్నాడు. వాళ్లు ఒక్కొక్కరూ వేలితో తడుముతుంటే నన్ను పక్కకు పిలిచి, బార్న్‌లో అటక మీద ఇంకో డబ్బా దొరికిందని, అది కారులో ఉందని, ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పమని అడిగాడు.